నారింజ టోపీల సంఘారామం

నాగార్జునకొండకి గుంపుగా వెళ్ళొచ్చేవాళ్ళంటే చదువుకున్నవాళ్ళకి చిన్నచూపు. లాంచీ ఎక్కుతారు, పల్లీలు నములుతారు, సెల్ఫీలు దిగుతారు, బౌద్ధం గురించి అక్షరమ్ముక్క తెలుసుకోకుండా తిరిగొస్తారు అని వాళ్ళ ఆరోపణ. దాన్ని ఖండించడానికే ఈ వ్యాసం. మొన్న మాఘమాసంలో మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున 47 మందిమి ఆ కొండకి వెళ్ళొచ్చాం. విహారాలు సరిగ్గా చూడలేదన్న మాట నిజమే, ఒప్పుకుంటాను. చూడాల్సిన అవసరం పడలేదు. తెల్లవారుజామున బస్సెక్కింది మొదలు రాత్రి ఎవరి గేటు దగ్గర వాళ్ళు దిగేదాకా మేమే ఒక విహారంగా బతికాం. 1700 ఏళ్ళ కిందట ఆ లోయలో భిక్షువులు ఒకరితో ఒకరు ఏ బాధలు పడి ఉంటారో సరిగ్గా ఆ బాధలే పడ్డాం. ఇంతకన్నా లోతైన అధ్యయనం ఏ విశ్వవిద్యాలయం చేయిస్తుందో చెప్పండి.

ముందు సంఘం అన్న మాట దగ్గర మొదలుపెడతాను. బుద్ధం శరణం, ధర్మం శరణం అని మా కాలనీలో ఎవరూ అనగా నేను వినలేదు. మూడో శరణం మాత్రం నీళ్ళ ట్యాంకరు రాని ప్రతి రోజూ అంటూనే ఉంటాం. కాబట్టి మూడింట ఒక వంతు బౌద్ధం మాకు ముందే ఉంది.

ప్రయాణం ఏ రోజన్నది తేల్చడానికి మూడు సమావేశాలు పట్టాయి. తొలినాళ్ళ బౌద్ధులకీ మూడే పట్టాయి: రాజగృహం, వైశాలి, పాటలీపుత్రం. మావి మూడూ సెల్లారులోనే జరిగాయి. మొదటి సమావేశంలో శుక్రవారం అనుకున్నాం. కొండ మీద మ్యూజియానికి శుక్రవారం సెలవు అని ఒక రిటైర్డు ఉద్యోగి ఆక్షేపించారు. శుక్రవారం పడమటి దిక్కుకి వారశూల అని ఇంకొకరు వంత పాడారు. కేంద్ర పురావస్తు శాఖా మన పంచాంగమూ ఒకే రోజుని వద్దనడం నా ఎరుకలో అదే మొదలు. ఆదివారానికీ పడమరే శూల. చివరికి శనివారం ఖాయమైంది. "శనివారం తూర్పుకి శూల కదండీ, సాయంత్రం మనం తిరిగొచ్చేది తూర్పుకే కదా" అని ఒకావిడ మళ్ళీ లేవదీశారు. సొంతింటికి వెళ్ళడానికి శూల వర్తించదని కార్యదర్శి గారు తీర్పిచ్చారు. ఏ శాస్త్రంలో ఉందని ఎవరూ అడగలేదు. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర.

ఇలాంటి విషయాల మీదా ఇంత చర్చ అని నవ్వుకునేవాళ్ళు వైశాలిలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. బుద్ధుడు పోయిన నూరేళ్ళకి పెద్దపెద్ద థేరులందరూ, అంటే సీనియర్ భిక్షువులందరూ, అక్కడ కూర్చుని చర్చించింది నిర్వాణం గురించి కాదు. కొమ్ములో ఉప్పు దాచుకుని వెంట తీసుకెళ్ళొచ్చా కూడదా అన్నది మొదటి అంశం. మధ్యాహ్నం దాటి నీడ రెండు వేళ్ళు జరిగాక తినొచ్చా అన్నది రెండోది. ఇలా పది అంశాలు. పదోది బంగారం, వెండి పుచ్చుకోవడం గురించి. పదీ చెల్లవని తేల్చారు. మా మూడో సమావేశంలో మొదటి అంశం ఆవకాయ జాడీ: ఎవరు తెస్తారు, తెచ్చాక అది సంఘానిదా తెచ్చినవాళ్ళదా. ఆఖరి అంశం అడ్వాన్సు ఎవరి దగ్గరుంది అన్నది. ఉప్పుతో మొదలై డబ్బుతో ముగియడంలో మేం వైశాలికి ఏమాత్రం తీసిపోలేదు. తేడా ఒక్కటే, మావి ఇప్పటికీ తేలలేదు.

ఇక బస్సు. ముందు రోజు రాత్రి పదింటికి బస్సు వచ్చి గేటు బయట ఆగింది. తెల్లవారుజామున నాలుగున్నరకి మేం వెళ్ళేసరికి కిటికీ పక్క సీట్లన్నిటి మీదా తువ్వాళ్ళు, చేతిరుమాళ్ళు, మంచినీళ్ళ సీసాలు, ఒకచోట ఒంటి చెప్పు ఉన్నాయి. ఇదంతా రాత్రికి రాత్రి చేసినవాళ్ళు ఆరుగురు. కుర్రాళ్ళనుకునేరు, ఆరుగురూ పింఛనుదారులే. "ఇది మా బావగారికి, ఇది మా తోడల్లుడికి, ఇది మా మనవరాలికి, దానికి కిటికీ లేకపోతే వాంతులు" అని ఒక్కో తువ్వాలుకీ ఒక్కో కథ చెప్పారు. సంఘంలో అందరికన్నా పెద్ద మా హెడ్మాస్టారు గారు. 84 ఏళ్ళు. ఆయనకి దక్కింది డ్రైవరు పక్కన ఇంజను మూత మీద పరిచిన దుప్పటి.

నాకు కోపం రావాల్సింది గానీ ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే ఇది భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉన్నది ఉన్నట్టుగా ఉంది! బుద్ధుడి కాలంలోనూ ఒక ఆరుగురి జట్టు ఉండేది. సంఘంలో ఏ తలనొప్పి వచ్చినా దాని వెనక వాళ్ళే. వినయంలో బోలెడు నియమాలు వాళ్ళ పుణ్యమా అని పుట్టినవే. ఒకసారి బుద్ధుడు భిక్షువులతో శ్రావస్తికి వెళ్తున్నాడు. ఈ ఆరుగురి శిష్యులు ముందే పరిగెత్తి విహారంలో గదులూ పడకలూ పట్టేశారు. ఇది మా ఉపాధ్యాయులకి, ఇది మా ఆచార్యులకి, ఇది మాకు అంటూ. వెనక వచ్చిన సారిపుత్రుడికి, అంటే పట్టశిష్యుడికి, పడక దొరకలేదు. రాత్రంతా చెట్టు కింద కూర్చున్నాడు. తెల్లవారుజామున బుద్ధుడు లేచి దగ్గాడు. చెట్టు కింద నుంచి సారిపుత్రుడూ దగ్గాడు. ఎవరక్కడ అని అడిగితే, నేనే స్వామీ, సారిపుత్రుణ్ణి అన్నాడు. ఆ దగ్గు ఫలితంగానే సంఘంలో ఎవరు ముందు దీక్ష తీసుకుంటే వాళ్ళకి ముందు ఆసనం అన్న నియమం వచ్చింది.

పిడుగురాళ్ళ దాటాక మా హెడ్మాస్టారు గారు కూడా దగ్గారు. కార్యదర్శి గారు వెనక్కి తిరిగి "ఏసీ తగ్గించమంటారా మేష్టారూ?" అన్నారు. నియమమేదీ పుట్టలేదు.

టోపీల సంగతి చెప్పడం మరిచాను. తప్పిపోకుండా గుర్తు కోసం కార్యదర్శి గారు అందరికీ టోపీలు పంచారు. నారింజ రంగు, ముందు వైపు ట్రావెల్సు వాళ్ళ ఫోన్ నంబరు. విజయపురి సౌత్ రేవులో లైఫ్ జాకెట్లు ఇచ్చారు. అవీ నారింజే. తలమీదా ఒంటిమీదా అదే రంగు వేసుకుని 47 మందిమి వరసగా లాంచీ మెట్లు దిగుతుంటే, రేవులో మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ ఒక్క క్షణం విసనకర్ర ఆపి చూసింది. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల్ని కూడా ఆ లోయ జనం ఇలాగే చూసి ఉంటారు. వాళ్ళు కట్టుకున్న చీవరాల మీద ఫోన్ నంబరు ఉండి ఉండదు, అంతే.

ఇక్కడ కాసేపు వ్యంగ్యం పక్కన పెడతాను. నాగార్జునకొండ పుట్టుకతో ద్వీపం కాదు. ఏ భిక్షువూ అక్కడి విహారానికి పడవెక్కి వెళ్ళలేదు. అదొక లోయ, మూడు వైపులా కొండలు, ఒక వైపు కృష్ణ. ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ముప్ఫైకి పైగా బౌద్ధ విహారాలు, వాటితోపాటు గుళ్ళు, స్నానఘట్టాలు, మెట్లు మెట్లుగా కట్టిన ప్రేక్షకశాల అన్నీ ఉండేవి. తర్వాత అంతా అడవి కప్పేసింది. 1926లో మద్రాసు శాసనాల శాఖలో పనిచేసే ఎ. రంగస్వామి సరస్వతి దాన్ని మళ్ళీ కనిపెట్టారు. లాంగ్‌హర్స్ట్ తవ్వారు, టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. ఈలోగా కృష్ణకి ఆనకట్ట కడదామన్నారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్ళొచ్చేలోగా ఎంత వీలైతే అంత తవ్వెయ్యాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం లోయంతా తవ్వింది. గడువు పెట్టి చరిత్ర తవ్వడం ఎంత కష్టమో, సాయంత్రం అయిదుకల్లా రేవు చేరాలన్న నోటీసు మెడకి కట్టుకుని తిరిగినవాళ్ళకి కొంచెం అర్థమవుతుంది. తవ్వినవాటిలో కొన్నిటిని రాయి రాయి, ఇటుక ఇటుక విప్పి కొండమీదకీ, ఒడ్డున అనుపుకీ మోసుకెళ్ళి మళ్ళీ పేర్చారు. మిగతా లోయ, అందులోని ఊళ్ళతో సహా నీళ్ళలో ఉంది. మునగకుండా మిగిలిన కొండ నెత్తినే మనం ద్వీపం అంటున్నాం. ఆ నెత్తిమీద అంతకుముందున్నది మధ్యయుగం నాటి ఒక కోట.

అంటే లాంచీలో మేం విహారాల మీదుగా విహారాలు చూడ్డానికి వెళ్తున్నాం.

ఈ మాట నాలో దాచుకోలేక పక్కాయనతో చెప్పాను. "అన్నయ్య గారూ, మనమిప్పుడు విజయపురి మీద ఉన్నాం" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి రేవు వైపు చూశారు. "విజయపురి ఎప్పుడో దాటేశాం కదండీ. అక్కడే కదా లాంచీ ఎక్కాం" అన్నారు. నిజమే. మునిగిన ఊరి పేరు ఒడ్డున పెట్టుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. నేను ఇంకేదో చెప్పబోతే స్పీకర్లో పాట పెద్దదైంది. వెనక ఆరుగురూ లేచి డాన్సు మొదలుపెట్టారు. నృత్యగీతాలకి భిక్షువులు దూరంగా ఉండాలన్న శీలం కూడా ఇలాంటి ఆరుగురి వల్లే పుట్టి ఉంటుందని ఊరుకున్నాను.

గంట సేపటికి కొండ చేరాం. కార్యదర్శి గారు విజిల్ వేసి, రెండు వేళ్ళు చూపించారు. రెండు గంటలు అని అర్థం. భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఒకే విహారంలో కదలకుండా ఉండేవారు, వర్షావాసం అంటారు దాన్ని. మా వర్షావాసం 120 నిమిషాలు. అందులో భోజనానికి నలభై అయిదు, భోజనానికి చోటు వెతకడానికి ఇరవై, బాత్‌రూం లైనుకి పాతిక. మిగిలిన అరగంటలో మాకు మూడో శతాబ్దం నుంచి నాలుగో శతాబ్దం దాకా చూపించాలి. గైడు గారు తలపండినవారు. ఆయన కూడా ఇలాంటి లెక్కలకి అలవాటు పడ్డవారే. నడుస్తూనే రాజుల పేర్లు చెప్పేశారు: శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. మెట్లకి ఒక రాజు చొప్పున.

మ్యూజియం భవనాన్ని బౌద్ధవిహారం ఆకారంలో కట్టారు. ఇది మంచి ఆలోచనే గానీ దీనివల్ల మా వాళ్ళలో సగం మంది అదే అసలు విహారం అనుకుని, దాని ముందు ఫొటో దిగి, వచ్చిన పని అయిపోయిందని చెట్ల కిందకి వెళ్ళిపోయారు. "పాతకాలం కట్టడం కదండీ, ఎంత గట్టిగా ఉందో" అని ఒకాయన గోడ తట్టి చూశారు కూడా. 1966 నాటి గోడ. గట్టిగానే ఉంది.

లోపల లేత ఆకుపచ్చ సున్నపురాయి శిల్పాలు. పల్నాటి రాయి. దగ్గరికెళ్ళి చూస్తే వేళ్ళ కణుపులు, ముంజేతి గాజులు, ఒకరి భుజం మీదుగా ఇంకొకరు తొంగిచూసే మొహాలు కనిపిస్తాయి. ఒక్క పలకలో ఎంతమంది జనం! ఖాళీ అన్నది లేదు, మా బస్సు లాగే. ఈ లోయ శిల్పులు మాంధాత కథ కూడా చెక్కారు. ఇంద్రుడు సింహాసనంలో సగం జరిగి చోటిచ్చినా చాలక, మొత్తం నాకే కావాలనుకుని, ఆ అనుకోవడంతోనే స్వర్గం నుంచి జారి భూమ్మీద పడ్డ రాజు. గైడు గారు ఈ కథ చెబుతున్నప్పుడు నేను ఆరుగురి వైపు చూశాను. "అవునండీ, ఆశకి అంతుండాలి" అని వాళ్ళలో ఒకాయన గట్టిగా నిట్టూర్చారు. కిటికీ పక్క రెండు సీట్లు ఆయనవే.

మా సంఘంలో చరిత్ర మీద ఆసక్తి పుట్టింది ఒకే ఒక్క చోట. ఇక్ష్వాకు రాజులు వైదికం, వాళ్ళ ఆడవాళ్ళు బౌద్ధం అని గైడు గారు చెప్పారు. శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, వాజపేయం చేశాడు. ఆయన అక్కచెల్లెళ్ళలో ఒకరైన శాంతిశ్రీ మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, కట్టించింది, మేనల్లుడు వీరపురుషదత్తుడి ఏలుబడిలో ఆరో ఏట. "ఇంట్లో ఆయనదో దారి, ఆవిడదో దారి అన్నమాట" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ తర్వాత గైడు గారు, వీరపురుషదత్తుడు ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్ళిద్దరినీ చేసుకున్నాడని ఒక ముక్క జారవిడిచారు. అంతే!

"అయితే మేనరికమే!"

అప్పటిదాకా చెట్ల కింద కూర్చున్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. ఇద్దరూ సొంత అక్కచెల్లెళ్ళేనా? కలిసి ఉండేవాళ్ళా? పెద్దావిడ పిల్లలకా చిన్నావిడ పిల్లలకా రాజ్యం వచ్చింది? ఉజ్జయిని నుంచి ఇంకో రాణి వచ్చిందని గైడు గారు అనేసరికి, "బయటి సంబంధం కూడానా" అని ఒకావిడ బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. పది నిమిషాలు ఆ 1700 ఏళ్ళ నాటి కుటుంబాన్ని మా వాళ్ళు కడిగి ఆరేశారు. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఇక్ష్వాకులు అంత ప్రాణంతో ఎక్కడా కనిపించలేదు. ఇది మాత్రం వెక్కిరింపు కాదు.

ఆ ఊపులోనే గైడు గారు బోధిశ్రీ గురించి చెప్పారు. ఆవిడ రాణి కాదు, ఉపాసిక, అంటే సంసారంలో ఉంటూనే బౌద్ధం పాటించే ఆవిడ. సింహళ ఆచార్యుల కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఆ ఆచార్యులు కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల దాకా ధర్మం చాటినవాళ్ళని శాసనంలో రాయించింది. అక్కడితో ఆపలేదు. ఒక విహారంలో ఒక గది, ఇంకో చోట మూడు గదులు, మరో చోట ఏడు గదులు, ఒక చెరువు, ఒక మండపం, ఇలా తను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో అన్నీ లెక్క రాయించి, ఆ పుణ్యంలో వాటా ఉన్న బంధువులందర్నీ వరసలతో సహా చెక్కించింది. మన శుభలేఖల అడుగున అచ్చేసే పేర్ల వరస ఎక్కడ పుట్టిందో నాకు ఆ రోజు తెలిసింది. ఇంకా వెనక్కి వెళ్తే ఆహ్వానించువారు, బంధుమిత్రుల అభినందనలతో, అన్నీ ప్రాకృతంలో దొరుకుతాయని నా నమ్మకం.

ఆ సంప్రదాయాన్ని యువతరం వదల్లేదు. కొండమీద ఇటుక గోడ మీద మేకుతో గీసిన ఒక జంట పేర్లు కనిపించాయి. వాళ్ళు కట్టించిన గదులెన్నో రాయలేదు.

భోజనం దగ్గర మా శీలం పరాకాష్ఠకి చేరింది. భిక్షువులు మధ్యాహ్నం దాటాక తినకూడదు. మా కార్యదర్శి గారికి షుగరు. పన్నెండు దాటితే ఆయనకి చెయ్యి వణుకుతుంది. అందువల్ల పదకొండున్నరకే విస్తళ్ళు పడ్డాయి, సూర్యుడు నడినెత్తికి రాకముందే ఆఖరి ముద్ద దిగింది. సంఘం ఒక్క రోజయినా వికాల భోజనం మానిందంటే అది ఇన్సులిన్ మహిమ.

భిక్షువుల నియమాల జాబితా అయిన పాళీ ప్రాతిమోక్షంలో భిక్షువుకి 227 నియమాలు. వాటిలో 75 కేవలం మర్యాదలు: బట్ట ఎలా కట్టుకోవాలి, ఎలా నడవాలి, ఎలా తినాలి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదు. బుగ్గలు ఉబ్బించుకుని తినకూడదు. 'చపుచపు' మని చప్పుడు చేస్తూ తినకూడదు. 'సురుసురు' మని జుర్రకూడదు. నేను కల్పించింది కాదు, చపుచపు, సురుసురు అనే మాటలు పాళీలోనే ఉన్నాయి. రెండున్నర వేల ఏళ్ళ నాటి ఆ నియమం చదివినప్పుడు ఇంత చిన్న విషయం రాసిపెట్టాలా అనుకున్నాను. విస్తట్లో మజ్జిగ పోశాక, 47 మంది ఒకేసారి అరచేత్తో జుర్రడం విన్నాక, అది రాసినవాడి మీద గౌరవం పుట్టింది. ఆ చప్పుడుకి చెట్టుమీద కోతులు కిందకి దిగి ఆవకాయ జాడీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాయి. జాడీ ఎవరిదన్న మూడో సమావేశపు అంశం మళ్ళీ రేగింది. కోతులొచ్చేదాకా అది సంఘానిది. కోతులొచ్చాక, "వదిన గారూ, మీ జాడీ చూసుకోండి" అని తెచ్చినావిడదైపోయింది.

తిన్నాక సంఘభేదం. ఇది రాకుండా ఏ సంఘమూ ఉండలేదు కాబట్టి నేను ముందే సిద్ధంగా ఉన్నాను. ఈ లోయలోనే ఎన్ని శాఖలో చూడండి. మహాచైత్యం దగ్గర అపరమహావినశైలీయులు, రాణి భట్టిదేవ కట్టించిన విహారంలో బహుశ్రుతీయులు, కొడబలిసిరి కట్టించినదాంట్లో మహీశాసకులు, సింహళం వాళ్ళు వేరే. అందరూ బుద్ధుడి మాటే చెప్పారు. ఎవరి కుండ వాళ్ళదే. మాలో శాఖలు ఇలా తేలాయి. ఏతిపోతల వెళ్ళాలనేవాళ్ళు ఒక వర్గం. చంద్రవంక నది 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, పక్కన మొసళ్ళని పెంచుతారు, పిల్లలు చూడాలి అని వాళ్ళ వాదం. డ్యాం మీదకి వెళ్ళి 26 గేట్లు చూడాలనేది రెండో వర్గం. మాఘమాసంలో గేట్లు ఎత్తరని చెబితే, మూసిన గేట్లయినా చూస్తామన్నారు. అనుపు వెళ్ళి ఆ ప్రేక్షకశాల చూద్దామన్న వర్గంలో నేనొక్కణ్ణే ఉన్నాను. అందర్లోకీ పెద్ద శాఖ ఎటూ వద్దు, ఇక్కడే ఒక గంట నడుం వాలుద్దాం అన్నది. వాళ్ళకి అపరనిద్రాశైలీయులు అని నేనే పేరు పెట్టాను.

ఈ గొడవలో ఎవరో పాపం, నాగార్జునుడి విగ్రహం ఎక్కడుందని అడిగారు. కొండకి ఆయన పేరుంది గానీ ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన పేరు లేదని గైడు గారు చెప్పారు. "మరి అంత దూరం నుంచి వచ్చాం కదండీ" అని అడిగినాయన చిన్నబుచ్చుకున్నారు. శూన్యవాదం చెప్పిన ఆచార్యుడు తన పేరు పెట్టిన కొండమీదే లేకపోవడం నాకయితే సబబుగానే తోచింది. పైకి అనలేదు, విజిల్ మోగింది.

చర్చ తేల్చకుండానే అందర్నీ లాంచీ ఎక్కించారు. కార్యదర్శి గారు గొలుసు దగ్గర నిలబడి లెక్క మొదలుపెట్టారు. మనుషుల్ని లెక్కపెడితే కదులుతారని ఆయన టోపీలు లెక్కపెడతారు. 46. మళ్ళీ లెక్కపెట్టారు. 46. మొహం పాలిపోయింది. ఒకళ్ళు మ్యూజియం వైపు పరిగెత్తారు, ఒకళ్ళు బాత్‌రూముల వైపు. "ఎవరండీ రానిది? రానివాళ్ళు చెయ్యెత్తండి" అని ఒకాయన అరిచారు. సరంగు డీజిలు దండగని ఇంజను ఆపేశాడు. ఇంజనుతోపాటు స్పీకరూ ఆగింది.

ఏరు దాటి తలలు లెక్కపెట్టుకున్న శిష్యుల కథ చిన్నప్పుడు అందరం విన్నదే. లాంచీలో ఒక్కరికీ గుర్తు రాలేదు, నాక్కూడా.

అలా ఒక పది నిమిషాలు. పొద్దుట్నుంచీ అంత నిశ్శబ్దం అదే. లాంచీ పక్కకి నీళ్ళు చిన్నగా కొట్టుకుంటున్నాయి. ఎండకి నీళ్ళు పచ్చగా ఉన్నాయి, మ్యూజియంలో రాయి రంగులో. ఎవరూ సెల్‌ఫోను తియ్యలేదు; తప్పిపోయినవాళ్ళు ఎవరో అన్న భయంతో ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. చాలామంది అప్పుడే మొదటిసారి పక్కవాళ్ళ మొహం చూశారని నా అనుమానం. హెడ్మాస్టారు గారు కడ్డీ పట్టుకుని కిందికి, నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి దగ్గారు. వెనక బెంచీలో ఆరుగురిలో ఒకాయన కూడా దగ్గారు. తర్వాత లేచి, తువ్వాలు తీసి భుజాన వేసుకుని, "ఇక్కడ కూర్చోండి మేష్టారూ" అన్నారు.

ఆ కిటికీ మనవరాలు, వాంతులొస్తాయన్న పిల్లే, కార్యదర్శి గారి దగ్గరికి వెళ్ళింది.

"అంకుల్, మీ టోపీ లెక్కపెట్టారా?"

ఆయన చెయ్యి తలమీదకి వెళ్ళింది. టోపీ ఉంది. కాసేపు దాన్ని అలా తడుముకుంటూ ఉండిపోయి, జేబులోంచి పుస్తకం తీసి 46 కొట్టేసి 47 అని రాశారు. విజిల్ వేశారు. ఇంజను మొదలైంది. పాట ఆగిపోయిన చరణం దగ్గర్నుంచే అందుకుంది.